చప్పిడిముక్కు కుక్కకు కాపరి

ధవళేశ్వరం జాలర్ల పేటలో పల్లంరాజు కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవదు. ఎందుకు లేవదో ఎవరూ అడగకముందే అతనే చెప్పేసేవాడు. పక్కవాడు చెప్తే నవ్వంతా పక్కవాడిదైపోతుంది, తనే చెప్తే అందులో తనకీ వాటా ఉంటుందని అతని నమ్మకం.

ఒక శ్రావణమాసంలో గోదావరి ఎర్రగా, ఒడ్లు ఒరుసుకుంటూ పారుతోంది. గట్టు మీద పదిమంది కూర్చుని చుట్టలు కాల్చుకుంటూ ఎవరిదో గేదె ఈనిన సంగతి మాట్లాడుకుంటున్నారు. ఆ మధ్యలోకి దూరి, "నేనైతే ఆనకట్ట మీంచి దోనె దూకించేత్తాను" అన్నాడు పల్లంరాజు. దూకించమని ఎవరూ అడగలేదు. దూకించలేవని కూడా ఎవరూ అనలేదు. అంతా మళ్లీ గేదె సంగతిలో పడ్డారు. అదే అతనికి తలకొట్టేసినట్టయింది. వెళ్లి దూకించాడు. దోనె చెక్కలు దిగువ ఊళ్లవాళ్లకి పొయ్యిలోకి పనికొచ్చాయి. పల్లంరాజుని ఇద్దరు పట్టి జుట్టు పుచ్చుకుని ఒడ్డుకి లాగారు. భుజం ఎముక అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది.

"గోదారి తల్లి నా దోనె తీసుకుని తెలివిచ్చిందండి. అదీ సగమే ఇచ్చింది. మిగతా సగానికి దోనె చిన్నదైపోయినట్టుంది" అనేవాడు.

వల విసరలేడు గానీ అల్లగలడు. ఇంటి ముందు చూరు కింద కూర్చుని పేటలో అందరికీ వలలు అల్లి పెట్టేవాడు. అతని పెళ్లాం రత్తమ్మ మంత్రసాని. ధవళేశ్వరంలోనూ చుట్టుపక్కల లంకల్లోనూ ఆమె చేతిమీదుగా పుట్టని పిల్లలు తక్కువ. ఇంట్లో నాలుగు వేళ్లు నోట్లోకి వెళ్తున్నాయంటే అది ఎక్కువగా రత్తమ్మ చలవే. అది తెలిసి కూడా మాటల్లో మాత్రం పల్లంరాజే ఆ ఇంటికి దూలం, వాసం, కప్పూను.

అవి రాజమండ్రికి ఇంకా రైలు రాని రోజులు. కాకినాడ ఓడరేవులో దిగిన దొరలు కాలవ పడవల్లోనే ధవళేశ్వరం చేరేవారు. కాలవల పనులు చూసే ఒక దొరకి సీమ నుంచి పెళ్లాం వచ్చింది. ఆవిడతో పాటు ఒక కుక్క వచ్చింది.

వారం తిరక్కుండా బంగళా బట్లరు సామ్యేలు జాలర్ల పేటకి వచ్చాడు. దొరసానిగారి కుక్కని చూసుకోవడానికి నిదానస్థుడు ఒకడు కావాలన్నాడు.

"నీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పు, పల్లంరాజూ."

"ఎవరో ఎందుకండి? నేను లేనా?"

"కుక్కని ఎప్పుడైనా పెంచావా?"

"కుక్కేంటండి, పులినే పెంచాను."

లోపల్నించి రత్తమ్మ గొంతు వినిపించింది. "పులి కాదు సామ్యేలుగారూ, పిల్లి. అదీ మూడోనాడు పారిపోయింది."

అయినా సామ్యేలు అతన్నే తీసుకెళ్లాడు. అడిగిన మిగతా ముగ్గురూ కుక్కకి కాపరి ఉద్యోగమేంటని మొహం మీదే నవ్వారట.

బంగళా వసారాలో బొంతలాంటి మెత్తమీద కూర్చున్న ఆ జంతువుని చూసి పల్లంరాజు రెండడుగులు వెనక్కి వేశాడు. ఒళ్లు గోధుమ రంగు. మొహం మాత్రం కుండ అడుగు మసి పూసినట్టు నలుపు. నుదుటి మీద ముసలివాళ్లకుండేటన్ని ముడతలు. గుడ్లు రెండూ బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. తోక జంతికలా చుట్టుకుపోయింది. ముక్కు ఉండవలసిన చోట ముక్కు లేదు. రెండు చిల్లులు మాత్రం ఉన్నాయి. ఆ చిల్లుల్లోంచి కొలిమి తిత్తిలా గురగురమని ఊపిరి వస్తోంది.

ఇంతలో దొరసాని లోపల్నించి వస్తూ, "పంచ్! పంచ్!" అని అరిచింది.

పల్లంరాజు ఉలిక్కిపడి రెండు చేతులతో పంచె గట్టిగా పట్టుకున్నాడు. ఊడలేదు. గోచీ సర్దుకుని, నలుగుర్లో అలా అరుస్తుందేంటి ఈవిడ అనుకుంటూ తల దించుకున్నాడు. సామ్యేలు నవ్వు ఆపుకోలేక స్తంభం చాటుకి వెళ్లాడు. కుక్క పేరు పంచ్ అని తెలిశాక కూడా పల్లంరాజు చాలా రోజులపాటు ఆ పిలుపు వినగానే నడుం తడుముకునేవాడు.

ఆ ముక్కు సంగతి అతన్ని నిద్రపోనివ్వలేదు. ఓడలో ఏ పెట్టో జారి పాపం దీని మొహం మీద పడి ఉంటుందని తేల్చుకున్నాడు. దానికి వైద్యం కూడా తనకి తెలుసనుకున్నాడు. రత్తమ్మ పురిటిబిడ్డల ముక్కుకి ఆముదం రాసి, బొటనవేలితో చూపుడువేలితో మెల్లగా సాగదీసి కోటేరులా తీర్చడం అతను ఇరవై ఏళ్లుగా చూస్తున్నాడు. మంత్రసాని మొగుడంటే సగం మంత్రసానే గదా.

రోజూ పొద్దున్నే తోట వెనక్కి తీసుకెళ్లి కుక్క మూతికి ఆముదం పట్టించి ముక్కు లాగేవాడు. పంచ్‌కి అది ఎంతో హాయిగా ఉండేది. కళ్లు మూసుకుని ఒళ్లో వాలిపోయేది. పల్లంరాజు వలదారంతో వారానికొకసారి ముక్కు కొలిచి ముడి వేసుకునేవాడు. దారం బిగించి పట్టుకుంటే ముక్కు ఉన్నచోటే ఉండేది. కాస్త వదులుగా పట్టుకుంటే పెరిగినట్టే కనిపించేది. అందుకని వదులుగానే పట్టుకునేవాడు.

నాలుగో వారానికి పంచ్ దగ్గర నుంచి ఒక వాసన మొదలైంది. ఎండిన చేపల మధ్య పుట్టి పెరిగిన పల్లంరాజుకే ముక్కు మూసుకోవలసి వచ్చిందంటే అది ఎలాంటి వాసనో ఊహించుకోవచ్చు. కుక్క మాటిమాటికీ మొహం నేలకేసి రుద్దుకుంటోంది. దొరసాని ఒళ్లోకి తీసుకోవడం మానేసి, రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "రాజూ, పంచ్ మంచి లేదు" అంది. ఆవిడకి వచ్చిన నాలుగు తెలుగు మాటల్లో రెండు అందులోనే ఖర్చయ్యాయి.

పల్లంరాజు పరుగున ఇంటికి వెళ్లి రత్తమ్మని పిలుచుకొచ్చాడు. ఆమె కుక్కని ఒళ్లో పడుకోబెట్టుకుని, ముక్కు మీది మడతని బొటనవేలితో విప్పి చూసింది. లోపల ఎర్రగా పుండైపోయి చెమ్మ కారుతోంది.

"ఏం రాశావయ్యా?"

"ఏమీ రాయలేదే."

"ఆముదం కంపు కొడతంటే ఏమీ రాయలేదంటావేంటి?"

సంగతి చెప్పక తప్పలేదు. ముక్కు కొలిచిన దారం కూడా చూపించాడు. రత్తమ్మ ఆ ముడుల వంక చూసి, అతని మొహం వంక చూసింది.

"పసిపిల్లలకి రాత్తే నలుగెట్టి నీళ్లు పోసి, మెడ మడతా చంకల మడతా అన్నీ పొడిగా తుడుత్తాను. నువ్వు రాసి వదిలేశావు. మడతలో చెమ్మ నిలిత్తే పుండవదా? ముక్కు సాగదీత్తాడంట! దీని అమ్మ ముక్కూ ఇంతే, అయ్య ముక్కూ ఇంతే అయ్యుంటాది. మన పిల్లాడు సత్తియ్య ముక్కు నీ ముక్కులాగే ఉంది. ఇరవై రోజులు రాశాను, లాగగలిగానా?"

పల్లంరాజు తన ముక్కు తడిమి చూసుకున్నాడు.

రత్తమ్మ నీళ్లు కాచి చల్లార్చింది. మెత్తటి పాతచీర పేలిక తడిపి మడతలోపల తుడిచి, వెంటనే ఇంకో పొడి పేలికతో అద్దింది. కళ్ల కొసల్లో పేరుకున్న పుసి కూడా వేరే గుడ్డతో తీసింది. "కంటికి వాడింది మడతకి వాడకు, మడతకి వాడింది కంటికి వాడకు. రోజూ పొద్దున్నే ఇదే నీ పని. నూనె సీసా ఇటివ్వు" అని సీసా చీరకొంగులో కట్టుకుని వెళ్లిపోయింది. పది రోజుల్లో పుండు మానింది. దొరసాని సంతోషించి, ఇదంతా ఎలా తగ్గిందని సామ్యేలు చేత అడిగించింది.

"సముద్రపుగాలి పడక వచ్చిన జబ్బని చెప్పండి. నా చేతివాసి వల్ల తగ్గిందని చెప్పండి" అన్నాడు పల్లంరాజు. చెప్పాక గొంతులో ముల్లు అడ్డం పడ్డట్టనిపించింది గానీ, చేపలు తినేవాడికి ముల్లు కొత్తేమీ కాదని సరిపెట్టుకున్నాడు.

ఆ చలికాలంలో ఇంకో పాండిత్యం బయటపడింది. కుక్క అన్నాక ఈత పుట్టుకతోనే వస్తుందని అతనికి తెలుసు. లాకుల దగ్గర సాయంత్రం షికారు తిప్పుతూ, పడవవాళ్లు చూస్తుండగా, "చూడండి సీమకుక్క ఈత!" అని పంచ్‌ని కాలవలో దింపాడు. పెద్ద తల, బరువైన రొమ్ము, పొట్టి కాళ్లు. తల ముందు, తోక తర్వాత, రాయిలా బుడుంగున మునిగింది. పల్లంరాజు వెనకే దూకాడు. అయితే ఆ భుజం విరిగాక అతను అవసరంపడి ఈదింది లేదు. ఒక చెయ్యి పనిచేస్తుంటే ఒక చెయ్యి పనిచెయ్యక, మనిషి ముందుకి పోకుండా గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాడు. పడవవాడొకడు గెడ అందించి ఇద్దర్నీ గట్టెక్కించాడు.

"ఈ లాకులు కట్టిన కాణ్నించి ఇక్కడ శానామంది ఈదారు గానీ, గానుగెద్దులా ఈదింది నువ్వొక్కడివే" అన్నాడు ఆ పడవవాడు. ఆ మాట పల్లంరాజుకి ఎంత నచ్చిందంటే, మర్నాటి నుంచి తన మాటగా చెప్పుకోవడం మొదలుపెట్టాడు.

ఈ తెలివితక్కువ పనుల మధ్య అతను చేసిన మంచిపని ఒకటుంది. పంచ్ మెడకి తోలుపట్టీ ఉండేది. కాకి కనిపించినా ఉడత కనిపించినా ముందుకి లాగేది. లాగినప్పుడల్లా పట్టీ గొంతుకి పట్టేసి, ఉన్న కాస్త ఊపిరీ ఆడక కక్కుకునేది. అది చూడలేక పల్లంరాజు మెత్తటి వలతాడుతో రొమ్ము చుట్టూ, ముందుకాళ్ల వెనగ్గా వచ్చేలా ఒక పట్టెడ అల్లాడు. దానికి తాడు వీపు మీద కట్టాడు. ఇక కుక్క ఎంత లాగినా గొంతు మీద నలుసంత బరువు పడేది కాదు. దొరసాని దాన్ని చేత్తో తిప్పి తిప్పి చూసి మెచ్చుకుంది. అతను జీవితంలో గొప్పలు చెప్పుకోకుండా చేసిన పని అదొక్కటే. గొప్ప అని తట్టకపోవడం వల్ల చెప్పుకోలేదు.

వేసవి వచ్చింది. దొరసాని సామ్యేలుని వెంటబెట్టుకుని నీలగిరి కొండలకి బయల్దేరింది. అంత దూరం ఎండలో ప్రయాణం పంచ్ తట్టుకోలేదని ఇక్కడే వదిలింది. వెళ్లేముందు సామ్యేలు నాలుగుసార్లు చెప్పాడు: పొద్దు పొడవకముందే షికారు, పొద్దెక్కాక గడప దాటకూడదు, వట్టివేళ్ల తడకలు ఎప్పుడూ తడిగా ఉండాలి, తిండి కొలిచి పెట్టాలి.

"అది ఊపిరి తీసుకునేదే అంతంతమాత్రం. మనలాగా దానికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పడం తప్ప ఒళ్లు చల్లబరుచుకునే దారి లేదు. అర్థమైందా?"

"నాకు చెప్తారేంటండి" అన్నాడు పల్లంరాజు.

తిండి విషయంలో మొదటివారమే మాట తప్పాడు. తను అన్నం తింటుంటే పంచ్ ఎదురుగా కూర్చుని అంతంత కళ్లేసుకుని చూసేది. ముద్ద గొంతు దిగేది కాదు. దొరసాని మీద బెంగపెట్టుకుందనుకుని నెయ్యన్నం, చేపముక్క, మామిడిపండు, మినపరొట్టె, ఏది తింటే అది పెట్టాడు. నెల తిరిగేసరికి పంచ్ నడుం ఎక్కడో, పొట్ట ఎక్కడో తెలియకుండా పోయింది. పట్టెడ రెండుసార్లు విప్పి వదులు చెయ్యవలసి వచ్చింది. నాలుగడుగులు వేస్తే కూర్చునేది. కూర్చున్నచోటే గుర్రుపెట్టేది. "బంగళా తిండి ఒంటబట్టింది" అని మురిసిపోయాడు పల్లంరాజు.

రత్తమ్మ అప్పటికి ఇంట్లో లేదు. గోదావరి నడిమి లంకలో ఉండే ఆమె అన్న అమ్మిరాజు కోడలికి నెలలు నిండాయని పురుడు పొయ్యడానికి వెళ్లింది. మగపిల్లాడు పుట్టాడు. బారసాలకి రమ్మని అమ్మిరాజు కబురు పంపాడు. ఆ కబురు తెచ్చిన మనిషి అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు: "కుక్కల కొలువులో సెలవు దొరికితే బావని కూడా రమ్మనండి."

ఆ మాట పల్లంరాజుకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. కుక్కల కొలువా? తను చూసుకునేది ఏ కుక్కనో, అది ఏ దర్జాలో ఉంటుందో అమ్మిరాజుకి కళ్లతో చూపిస్తే గానీ నోరు మూతపడదనుకున్నాడు.

తెల్లారుజామునే బయల్దేరితే చల్లగా చేరిపోయేవాళ్లు. అతనూ అలాగే అనుకున్నాడు. కానీ మీసానికి నూనె పెట్టాలి. తలపాగా చుట్టాలి. చుట్టింది నచ్చక విప్పి మళ్లీ చుట్టాలి. పంచ్‌కి ఒళ్లు తుడవాలి, మెడలో దొరసాని ఎర్రపట్టు రిబ్బను కట్టాలి. ఇవన్నీ అయ్యేసరికి పొద్దు బారెడెక్కింది. బంగళాలో దొరగారి నల్లగొడుగు గోడకి వేలాడుతూ కనిపించింది. దొరగారు కాలవల తనిఖీకి పోయారు కదా అని అదీ పట్టుకున్నాడు.

వేసవిలో ఆనకట్ట దిగువన గోదావరి అంటే పాయ మోకాల్లోతు, మిగతాదంతా ఇసక. పాయ దాటేదాకా కుక్కని ఎత్తుకున్నాడు. ఇసకలో కాసేపు మోశాడు. తర్వాత దింపేశాడు. చంకలో వేసుకుని తీసుకెళ్తే మేకపిల్లలా ఉంటుంది, పక్కన నడిపిస్తేనే దర్జా. గొడుగు పల్లంరాజు మీద, ఎండ పంచ్ మీద. ఇసక పెనంలా కాలుతోంది. పంచ్ ఒక కాలు ఎత్తి ఒక కాలు పెడుతూ వెనకబడింది. "ఇంకొంచెం నడువు నాన్నా, అడుగో మా బావ" అంటూ తాడు లాగాడు.

లంక గట్టు మీద జనం పోగయ్యారు. గొడుగునీ కుక్కనీ చూసి పిల్లా పెద్దా నవ్వులు. ఆ నవ్వులు మెచ్చుకోలనుకుని పల్లంరాజు మీసం దువ్వి అడుగు పెద్దది చేశాడు. తాడు బిగుసుకుంది. వెనక్కి తిరిగి చూశాడు.

పంచ్ పొట్ట నేలకి ఆనించి నాలుగు కాళ్లూ చాపేసింది. గురక మారిపోయింది. గొంతులో రంపంతో కోస్తున్నట్టుంది. నాలుక బయటికి వేలాడి నేరేడుపండు రంగుకి తిరిగింది. నోటి చుట్టూ నురగ. కళ్లు అతని వైపే ఉన్నాయి గానీ అతన్ని చూస్తున్నట్టు లేవు.

గొడుగు ఎక్కడ పారేశాడో అతనికి తెలియదు. కుక్కని రెండు చేతుల్లోకి తీసుకుని, లేవని భుజం కూడా ఆ పూట లేచి, పరిగెత్తాడు.

"రత్తమ్మా! రత్తమ్మా!"

రత్తమ్మ చేతులు తుడుచుకుంటూ పందిట్లోంచి వచ్చింది. ఒక్క చూపు చూసింది. తిట్టడానికి కూడా ఆగలేదు.

"నీడలో పడుకోబెట్టు. ఆ రిబ్బనూ తాడూ ఊడదియ్యి. కుండలో నీళ్లు తెండి. గుడ్డేదీ?"

పంచె ఉంది. పల్లంరాజు ఆలోచించకుండా ఒంటిమీది పంచె లాగి, తొట్టిలో ముంచి, పంచ్ కింద పరిచాడు. రత్తమ్మ పొట్ట మీద, తొడల సందుల్లో, పాదాల మీద మెల్లగా నీళ్లు పోస్తూ, "విసరండి, ఆపకుండా విసరండి" అంది. అమ్మిరాజు చెంబుతో మజ్జిగ తెచ్చి నోట్లో పొయ్యబోయాడు.

"వొద్దన్నా! ఊపిరాడనోడి నోట్లో పోత్తే పొలమారి చత్తాడు. దానంతటది తాగాలనుకుంటే తాగుద్ది. మూతి తడుపు చాలు."

పల్లంరాజు తాటాకు విసనకర్రతో విసురుతున్నాడు. బారసాలకి వచ్చిన వియ్యాలవారు, ఊళ్లో పెద్దలు, ముత్తయిదువులు చుట్టూ నిలబడ్డారు. తలపాగా తలమీదే ఉంది. మీసానికి నూనె మెరుస్తూనే ఉంది. ఆ కింద చూస్తే గోచీ తప్ప ఇంకేమీ లేదు. ఆ సంగతి అతనికి ఎంతోసేపటికి గానీ తెలియలేదు. తెలిశాక కూడా విసనకర్ర ఆపలేదు.

'ఆనకట్ట మీంచి దూకినప్పుడు నా దోనె పోయింది, నా చెయ్యి పోయింది. అది నా సొమ్ము' అనుకున్నాడు. 'ఇదేం చేసింది పాపం? దూకుతానని ఇది అనలేదే.' కళ్లనీళ్లు మీసం నూనెలో కలిసి జారాయి.

అమ్మిరాజు బావని కాసేపు చూశాడు. ఇంకో విసనకర్ర తెచ్చుకుని అవతలి పక్క కూర్చుని విసరడం మొదలుపెట్టాడు.

చాలాసేపటికి ఆ రంపం చప్పుడు మెత్తబడింది. నాలుకకి ఎరుపు తిరిగింది. పంచ్ తల ఎత్తి, గిన్నెలో నీళ్లు నాలుగు గుక్కలు తాగి, తడిపంచె మీదే గుర్రుపెట్టి నిద్రపోయింది. ఆ గురక విని లోపల పసిపిల్లాడు లేచి ఏడ్చాడు. అప్పుడు గానీ ఎవరికీ బారసాల గుర్తుకి రాలేదు.

ఆ రోజు అక్కడే ఉండిపోయి, మర్నాడు వేకువనే అరటాకులు పరిచిన గంపలో కుక్కని పెట్టుకుని ఇద్దరూ ఇల్లు చేరారు. గంప పల్లంరాజు నెత్తిన ఉంది. దారిపొడుగునా రత్తమ్మ ముందురోజు బాకీపడ్డ తిట్లన్నీ తిట్టింది. ఆ రోజు నుంచి కుక్క తిండి రత్తమ్మ గిన్నెతో కొలిచి పెట్టేది. "పక్కటెముకలు కంటికి కనపడకూడదు, చేతికి తగలాలి" అని రోజూ తడిమి చూసేది. పంచ్ పల్లంరాజు ఎదుట కూర్చుని ఎంత దీనంగా చూసినా, అతను గోడవైపు తిరిగి అన్నం తినడం నేర్చుకున్నాడు.

వానలు పడ్డాక దొరసాని తిరిగొచ్చింది. సన్నబడి చలాకీగా వసారా అంతా గెంతుతున్న పంచ్‌ని చూసి ఆవిడ ఆనందం ఇంతా అంతా కాదు. "దొరసానిగారు నిన్ను మంచి వైద్యుడివంటున్నారు" అన్నాడు సామ్యేలు.

"ఆయ్" అన్నాడు పల్లంరాజు. ఇంటికి వెళ్లి అన్నం ముందు కూర్చుంటే ముద్ద మింగుడుపడలేదు. ఎదురుగా కుక్క కూడా లేదు, దానిమీద తోసెయ్యడానికి.

మర్నాడు పొద్దున్నే వసారాలో నిలబడి, "సామ్యేలుగారూ, దొరసానిగారితో ఒక మాట చెప్పాలండి" అని ఆముదం దగ్గర నుంచి లంక ఇసకదాకా మొత్తం చెప్పాడు. సామ్యేలు మొహం పాలిపోయింది.

"ఇదంతా ఇంగ్లీషులో చెప్తే నీ ఉద్యోగంతో పాటు నాదీ పోతుంది. నిన్ను పట్టుకొచ్చింది నేను" అని దొరసాని వైపు తిరిగి రెండే ముక్కలు చెప్పాడు. ఆవిడ నవ్వుతూ తలూపింది. సామ్యేలు చెప్పింది నిజమైతే ఆవిడ అలా నవ్వదని పల్లంరాజుకి తెలిసిపోయింది.

అప్పుడు పల్లంరాజు తనే మొదలుపెట్టాడు. మాట రాదు కాబట్టి ఆడి చూపించాడు. సీసా వంచి ముక్కు లాగాడు. వాసనకి మొహం చిట్లించాడు. కాలవలో మునిగాడు, గుండ్రంగా తిరిగాడు. గొడుగు పట్టి మీసం దువ్వాడు, వెనక తాడు లాగాడు. ఆ తర్వాత నేలమీద బోర్లా పడి నాలుక బయటపెట్టి రొప్పాడు. దొరసాని కుర్చీలోంచి లేచి నిలబడింది. మొహం కందిపోయింది. అతను లేచి, గాజుల చేతులు అభినయిస్తూ నీళ్లు పోసే రత్తమ్మ అయ్యాడు. పంచె లాగేసి గోచీతో నిలబడ్డ మనిషిని మాత్రం పంచె లాగకుండానే ఆడి చూపించాడు. అక్కడ దొరసానికి కోపంతో పాటు నవ్వు వచ్చేసింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. పంచ్ వచ్చి ఇద్దరి మధ్యా వెల్లకిలా పడుకుంది. దానికి ఎవరి మీదా ఏ కోపమూ లేదు.

"ఆమె ఎవరు?" అంది దొరసాని, గాజుల చేతులు చూపిస్తూ.

"నా పెళ్లామండి. రత్తమ్మండి. వైద్యం అంతా ఆవిడదేనండి. జబ్బులు మాత్రం నావండి."

సామ్యేలు ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాడు.

ఆ వారం నుంచి బంగళాలో కుక్క బాధ్యత రత్తమ్మది. పల్లంరాజు ఆమె కింద పనివాడు. "పై అధికారి ఇంట్లోనే ఉంటాది. సెలవడగడం తేలికే, దొరకడమే కష్టం" అని పేటలో చెప్పుకునేవాడు.

మూడేళ్లకి దొరగారికి సీమ ప్రయాణం వచ్చింది. అది వేసవి మొదలు. కుక్కని తీసుకెళ్లాలా వద్దా అని దొరసాని అడిగినప్పుడు పల్లంరాజు నోరు గట్టిగా మూసుకున్నాడు. ఓడలో ఆ ఉక్కకి అది బతకదని అతనికి తోచింది. అయితే ఆ తోచడంలో కుక్క మీద దయ ఎంతో, తన దగ్గరే ఉండిపోవాలన్న ఆశ ఎంతో విడదీసి చూసుకోలేకపోయాడు. తన నోటిని నమ్మడం అతను ఎప్పుడో మానేశాడు.

రత్తమ్మే చెప్పింది: "చలికాలమైతే పట్టికెళ్లండమ్మా. ఇప్పుడైతే వొద్దండి. దారిలో పోద్ది."

దొరసాని ఒకపూటంతా తలుపేసుకుని కూర్చుంది. సాయంత్రం వచ్చి పంచ్‌ని రత్తమ్మ ఒళ్లో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా పడవెక్కింది.

పంచ్ ఆ తర్వాత అయిదేళ్లు జాలర్ల పేటలో బతికింది. ఒక కన్ను కోడిపుంజు పొడిచి తెల్లబడింది. కళ్లు అంత బయటికుంటే ఏదైనా తగులుతుందని రత్తమ్మ ముందే చెప్పింది. పుంజుని కట్టెయ్యడం మర్చిపోయింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. చివరి రోజుల్లో రెండడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. పల్లంరాజు గంపలో పెట్టుకుని ఏటిగాలికి తిప్పేవాడు. ఒక మాఘమాసపు పొద్దున మడతలు తుడుద్దామని పేలిక తడుపుకొచ్చేసరికి అది ఊపిరి విడిచి ఉంది. అయినా కూర్చుని మొహం శుభ్రంగా తుడిచాడు. కంటికి వేరే గుడ్డ, మడతకి వేరే గుడ్డ. తర్వాత పెరట్లో కొబ్బరిచెట్టు పక్కన గుంట తవ్వాడు.

ఆ ఏడే కాకినాడ నుంచి ఇంకో దొరసాని మనిషిని పంపింది. ఆవిడ దగ్గర అలాంటి చప్పిడిముక్కు కుక్కలే రెండున్నాయట, వాటికి మొహం మీద పుళ్లు పడ్డాయట. కాలవ పడవలో మొగుడూ పెళ్లాం ఇద్దరూ వెళ్లారు. వసారాలో ఆ ఇంటి బట్లరు, వైద్యుడివి నువ్వేనా అని పల్లంరాజుని అడిగాడు.

పల్లంరాజు పేలికల మూట కింద పెట్టి, రత్తమ్మని ముందుకి నడవమన్నాడు.

"ఆవిడండి. నేను నీళ్లు కాచేవాణ్ని. పొయ్యెక్కడండి?"